అట్ట గొట్టాల ఆసు

2022 ఆగస్టు. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది, పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయి. ఎల్బీనగర్ నుంచి మన్సూరాబాద్ పోయే దారిలో ఒక టైర్ల దుకాణం వెనక నాదొక రేకుల షెడ్డు. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా అందులో నేను చేస్తున్న పని ఒక్కటే, థర్మాకోల్ కోయడం. ఈ వైపు ఏ పెళ్ళికి వెళ్ళినా స్టేజి వెనక వధూవరుల పేర్లు తెల్లగా, లావుగా, అంచుకు చమ్కీతో మెరుస్తూ కనిపించేవి కదా, వాటిలో సగం నావే అనుకోండి. గొప్పలు చెప్పుకుంటున్నాడంటారా? అనండి, నాకేం ఫరవాలేదు.

మా పనిలో అసలు పనిముట్టు హాట్ వైర్. అంటే కరెంటుతో వేడెక్కే సన్నని తీగ. థర్మాకోల్ షీటును దాని మీద ఆనించి తిప్పుతుంటే జున్ను కోసినంత మెత్తగా తెగుతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగిందంటే మాత్రం అక్కడ గుంట పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఎవరైనా కోస్తారు. తెలుగు అక్షరాలను తలకట్టు విరగకుండా, గుడి ఊడకుండా కోయాలంటే యాదగిరి షెడ్డుకే రావాలని ఫంక్షన్ హాళ్ళవాళ్ళే పంపేవారు. ఆ పేరు చూసుకుని నాకు కాస్త తలబిరుసు ఉండేది. ఇప్పుడు లేదని కాదు, తగ్గింది. అది ఎలా తగ్గిందో చెప్పడానికే ఇదంతా.

ఆషాఢంలో మా షెడ్డు ఖాళీ. పెళ్ళిళ్ళుండవు. బోనాలకు వేపాకు, పూల పనే తప్ప నా తీగతో ఎవరికీ అవసరం లేదు. అలాంటి ఒక మధ్యాహ్నం కృష్ణకుమారి గారు కూతురు హిమబిందును వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళది వనస్థలిపురం. సొంతూరు భీమవరం దగ్గర. ఆవిడ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన టీచరు. పెళ్ళికొడుకు శ్రీకాంత్, దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం ఉన్న సత్తయ్య కొడుకు. సత్తయ్య దగ్గరే నేను పదేళ్ళుగా స్టేజి బట్ట కొంటున్నాను. వాళ్ళది పోచంపల్లి నేత కుటుంబం.

హిమబిందు ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పెద్ద అర్ధచక్రం, దాని అంచంతా మేకులు, నడుమ ఒక మేకు, ఆ నడుమ నుంచి అంచుకు గీతలు గీతలుగా దారాలు. కింద రెండు పేర్లు.

"ఇదేంది మేడమ్, సూర్యోదయమా?" అన్నాను.

"ఆసు అండీ," అంది హిమబిందు. "ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు దారాన్ని దీని మీద చుడతారు. శ్రీకాంత్ వాళ్ళ నాయనమ్మ అండాలమ్మ గారు నలభై ఏళ్ళు ఇదే పని చేశారట. ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలట. ఆవిడ భుజం దీనికే అరిగిపోయిందని చెప్పాడు."

కూతురు ఫోనొచ్చి బయటికి వెళ్ళగానే మేడమ్ గొంతు తగ్గించారు. "యాదగిరి గారూ, మీ దగ్గర దాపరికం ఎందుకు? నిశ్చితార్థం రోజున మా తమ్ముడు నోరు జారాడు. 'ఇంకా మగ్గం గుంటలో కూర్చునే ఇల్లేనా?' అన్నాడు. ఆ పెద్దావిడ పక్కనే ఉన్నారు. చేతిలో కాఫీ కింద పెట్టేసి మళ్ళీ ముట్టుకోలేదు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేను కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇప్పుడు పని కట్టుకుని వెళ్ళి క్షమించండి అంటే మానిన పుండు గెలికినట్టవుతుంది. అందుకే పదిమంది ముందు, ఆవిడ పనిని నా కూతురి పెళ్ళి స్టేజి మీద నిలబెడదామనుకున్నాం. వాళ్ళకు ముందుగా తెలియకూడదండీ."

నాకు మనసు కరిగిపోయింది. "తొమ్మిదడుగుల ఆసు చేస్త మేడమ్. చూసినోళ్ళు కండ్లు తిప్పుకోవద్దు," అన్నాను. చేశాను కూడా. ఆషాఢమంతా తీరికే కదా. బంగారు రంగు కొట్టి, మేకుకొక తామర పువ్వు తగిలించి, షెడ్డులో నిలబెట్టి మా ఆవిడ సుజాతను పిలిచి చూపించాను. "దేవుడి వెనక మకరతోరణం లెక్క ఉంది," అంది. అది మెచ్చుకోలనే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున ముహూర్తం. బుధవారం పదింటికి ట్రాలీ ఆటోలో ఆసును నాలుగు ముక్కలుగా వేసుకుని ఫంక్షన్ హాలుకు వెళ్ళాను. గేటు దగ్గర మేనేజరు సలీం భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు భాయ్. థర్మాకోల్ లోపలికి రాదు."

"మజాక్ చేస్తున్నవా?"

"మజాక్ కాదు. జులై ఒకటి నుంచి బంద్. సెంట్రల్ గవర్నమెంట్ రూల్. మొన్న మున్సిపాలిటీ సార్లు వచ్చి కాగితం ఇచ్చి పోయిండ్రు. జర చూడు."

"అది ప్లేట్లకు, గ్లాసులకు సలీం భాయ్! క్యాటరింగోళ్ళకు! మనకేం సంబంధం?"

సలీం భాయ్ కాగితం నా చేతిలో పెట్టి ఒక వరుస మీద వేలు ఆనించాడు. 'అలంకరణకు వాడే థర్మాకోల్.'

నిజం చెబుతాను. ఆ రూలు నేను చూడకపోలేదు. మా డెకరేషన్ల వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో వచ్చింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం, ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు అని మొదలైంది. క్యాటరింగోళ్ళ పని అయిపోయిందని నవ్వుకుని వాళ్ళకు ఫార్వర్డ్ కూడా చేశాను. కింద ఇంకా ఉందని చూపించే 'రీడ్ మోర్' మాత్రం నొక్కలేదు. పైగా రూలు సరిగ్గా ఆషాఢం మొదట్లో అమల్లోకి వచ్చింది. నెల రోజులు పెళ్ళీ లేదు, స్టేజీ లేదు, ఆపినవాడూ లేడు. దేశమంతా మారిన సంగతి పెళ్ళిళ్ళు మొదలైతే గాని నాకు తెలియలేదు.

"ఒక్క రోజు సలీం భాయ్. పెండ్లి అయిపోంగనే తీసేస్త."

"అరె యాదగిరి భాయ్, నన్ను పరేషాన్ చేయకు. వాళ్ళొచ్చి హాలుకు తాళం వేస్తే ఆ పిల్ల పెండ్లి ఎక్కడ చేస్తవ్, నీ ట్రాలీ మీదనా?"

చేసేది లేక గేటు బయట నిలబడి కేంద్రాన్ని, మున్సిపాలిటీని, సలీం భాయ్‌ని, ఎవరినీ వదలకుండా తిట్టుకున్నాను. తిట్లు అయిపోయాక మేడమ్‌కు ఫోన్ చేశాను. అరుస్తారనుకున్నాను. ఆవిడ అరవలేదు.

"ఆ కాగితం మీ చేతిలో ఉందా? మొదటి నుంచి చివరిదాకా చదవండి. నేను వింటున్నాను."

నడిరోడ్డు మీద, ట్రాలీ ఆటో డ్రైవరు చూస్తుండగా, ఏడో తరగతి పిల్లాడిలా పైకి చదివాను. చెవిలో పెట్టుకునే పుల్లలు, బెలూన్ల పుల్లలు, జెండాలు, స్ట్రాలు, స్వీట్ డబ్బాల మీద, శుభలేఖల మీద చుట్టే పల్చటి కవరు... చదువుతున్నకొద్దీ నా గొంతు తగ్గిపోయింది.

"మా అమ్మాయి ఇప్పుడే ఫోన్‌లో చూసింది. ఏడాది ముందే గెజిట్‌లో వేశారటండీ. సిద్ధం కమ్మని అంత గడువు ఇచ్చారు," అన్నారు మేడమ్. "సరే. అందులో వెదురు వద్దని ఉందా?"

"లేదు మేడమ్."

"అట్ట? దారం? బట్ట?"

"లేవు మేడమ్."

"మరింకేం? వద్దన్నవన్నీ కలిపి ఒక్క కాగితానికి సరిపోయాయి. మిగతా లోకమంతా మీదే. ఆసు లేని స్టేజి మాత్రం నాకు వద్దండీ." "ఆవిడ మా ఇంటి కాఫీ తాగాలి యాదగిరి గారూ," అని పెట్టేశారు.

షెడ్డుకు తిరిగొచ్చి కూలబడ్డాను. ప్లైవుడ్‌తో చేయిద్దామని కార్పెంటర్‌ను అడిగితే నాలుగు రోజులన్నాడు. సుజాత నా ముందు చాయ్ పెట్టి, "ఏందయ్యా, ఇరవై రెండేండ్ల సర్వీసు, గా తెల్ల షీటు లేకుంటే నీకు చేతులే లేవా?" అంది. కోపం నషాళానికంటింది. కానీ ఆ కోపంలోనే సత్తయ్య దుకాణం మెట్ల కింద గుట్టగా పడి ఉండే అట్ట గొట్టాలు గుర్తొచ్చాయి. బట్ట తానుల లోపల ఉంటాయే, అవి. వెదురు బద్దను వంచి, జానెడు జానెడు ముక్కలుగా కోసిన గొట్టాలు దానికి గుచ్చితే? అర్ధచక్రం దానంతటదే వస్తుంది. చాయ్ సగంలో వదిలేసి దిల్‌సుఖ్‌నగర్ బయలుదేరాను.

దుకాణంలో సత్తయ్య లేడు, పెళ్ళి పనుల మీద తిరుగుతున్నాడు. గల్లా పక్కన స్టూలు మీద అండాలమ్మ కూర్చుని ఉంది. ఇంట్లో చుట్టాల గోల పడలేక పొద్దున్నే దుకాణానికి వచ్చేసిందట. చిన్న మనిషి, కళ్ళు మాత్రం చురుకు.

"గొట్టాలా? గవి నీకెందుకు బిడ్డా?"

"వాన పడుతున్నది గద పెద్దమ్మా, షెడ్డుల... కింద పరుస్త," అన్నాను. అట్ట గొట్టాలు వానలో పరుస్తానన్న నా తెలివికి నాకే సిగ్గేసింది.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. గొట్టాలు కట్ట కడదామని వంగానో లేదో, చొక్కా జేబులోంచి హిమబిందు గీసిన కాగితం జారి ఆమె కాళ్ళ దగ్గర పడింది. తీసింది. విప్పింది. చాలాసేపు చూసింది.

"ఎవలు గీసిండ్రు?"

అబద్ధం ఆడడానికి నాకు నోరు రాలేదు. "పెండ్లిపిల్ల. స్టేజి మీద పెట్టాలని. మీకు చెప్పొద్దన్నరు పెద్దమ్మా. నా పని ఖతం."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోను. తర్వాత అడిగింది, "చేసినవా మరి?" ఫోన్‌లో నా థర్మాకోల్ ఆసు ఫోటో చూపించాను. చూసి పకపకా నవ్వింది.

"ఇది ఆసెట్లయితది బిడ్డా? మేకు మేకుకు పువ్వు పెట్టినవ్. దారం ఎట్ల తిరుగుతది? దారం లేని ఆసు ఎందుకు?"

ఇరవై రెండేళ్ళలో నా పనిని చూసి అలా నవ్వినవాళ్ళు లేరు. ఆమె లేచి కొంగు దోపుకుంది. "వెనక గోదాముల జాగ ఉంది. వెదురు తెచ్చుకో. చట్రం నువ్వు కట్టు, దారం నేను చుడ్త. కానీ ఒక్క మాట. గా పంతులమ్మకు చెప్పకు. పాపం ఎంత ఆలోచన చేసిందో, అది ఖరాబు కావొద్దు."

అలా రెండు రహస్యాలు నా నెత్తికెక్కాయి. వాళ్ళకు తెలియదని వీళ్ళు, వీళ్ళకు చెప్పొద్దని వాళ్ళు.

బుధవారం మధ్యాహ్నం, గురువారం పొద్దున చట్రం కట్టాను. మేకులకు గొట్టాల సన్న ముక్కలే బిగించాను. మేకుకు మేకుకు ఎంత దూరం ఉండాలో అండాలమ్మ అరచేతి బెత్తతో కొలిచి చెప్పింది. నేను ఒక మేకు వేలెడు పక్కకు పెడితే చూడకుండానే "జరుపు" అనేది. గురువారం మధ్యాహ్నం చట్రాన్ని గోడకు చేరగిల వేసి దారం మొదలుపెట్టాం. ఎరుపు, పసుపు నూలు. ఆమె నడుమ మేకు దగ్గర కూర్చుని దారం బిగించి ముడి వేస్తుంది, నేను దారం చుట్టిన కండె పట్టుకుని అంచు మేకుకు తగిలించి మళ్ళీ నడుమకు తేవాలి. పోను, రాను. అరగంటకు నా భుజం కాలిపోయింది.

"అప్పుడే అలసినవా? ఒక్క చీరకు ఇది ఏం మూలకు?" అంది.

"నలభై ఏండ్లు ఎట్ల చేసినవ్ పెద్దమ్మా?"

"ఎట్ల ఏంది? పాటలు పాడుకుంట, పక్కింటోళ్ళ ముచ్చట్లు పెట్టుకుంట. లాగు, వదులుగ పట్టకు!"

అక్షరాలకు అట్టపెట్టెలు కోసి, వాళ్ళ దుకాణంలో మిగిలిన జరీ అంచు ముక్కలు అతికించాను. కత్తితో కోశాను గనక నునుపు తక్కువే. దగ్గరగా చూస్తే వంకర తెలుస్తుంది. అయినా పేర్లు నిలబడ్డాయి, తలకట్టు కూడా విరగలేదు. గురువారం సాయంత్రం ట్రాలీ గేటు దగ్గర ఆగితే సలీం భాయ్ చుట్టూ తిరిగి గొట్టాన్ని గోటితో గీకి చూశాడు. "థర్మాకోల్ కాదు, అట్టనే. పో లోపలికి," అన్నాడు. నాలుగడుగులు వేశాక వెనక నుంచి, "బాగుంది భాయ్," అని అరిచాడు.

శుక్రవారం పెళ్ళివారు వచ్చారు. నేను స్టేజి పక్కన స్తంభం దగ్గర నిలబడ్డాను. మామూలుగా అయితే పని అప్పగించి వెళ్ళిపోతాను, ఆ రోజు కాళ్ళు కదల్లేదు. మేడమ్ స్వయంగా ఎదురెళ్ళి అండాలమ్మ చెయ్యి పట్టుకుని స్టేజి ముందుకు తీసుకొచ్చారు. ఆసు మీద దీపాల వెలుగు పడి ఎర్రదారాలు మెరుస్తున్నాయి.

"మీకోసం అండీ. మా అమ్మాయి మీ ఇంటికి వస్తోంది. మీ చేతి పని నీడలో పెళ్ళి జరగాలని..." అన్నారు మేడమ్. వెనక తమ్ముడు గారు తల వంచుకుని నిలబడి ఉన్నారు.

అండాలమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "అయ్యో! ఇది మా ఆసే గదమ్మా! ఎంత పెద్దగ చేయించినవ్!" అంది. అంత అచ్చంగా ఆశ్చర్యపోయింది, అది చుట్టింది నేనొక్కడినేనేమోనని నాకే అనుమానం వచ్చింది. నవ్వు ఆపుకోలేక స్తంభం వెనక్కి పోయాను. తర్వాత ఫోటోకు నిలబడినప్పుడు పక్కన ఒక దారం వదులైంది. ఆమె కెమెరా వైపే చూస్తూ, చెయ్యి వెనక్కి పెట్టి ఆ దారాన్ని బిగించి మెలి వేసింది. ఎవరూ గమనించలేదనే అనుకున్నాను. భోజనాలయ్యాక మేడమ్ కాఫీ తెచ్చిచ్చారు. పెద్దావిడ అడుగుదాకా తాగి, గ్లాసు తిరిగిస్తూ, "ఇంకో గుక్క పొయ్యి," అంది. మేడమ్ కాఫీ కోసం దాదాపు పరుగెత్తారు.

పెళ్ళయ్యాక స్టేజి విప్పడం మా పనిలో నాకు నచ్చని భాగం. థర్మాకోల్ విప్పడమంటే విరవడమే. తెల్లవారేసరికి మనం కోసిన పేర్లు హాలు వెనక చెత్తకుప్పలో కాళ్ళూ చేతులూ విరిగి పడి ఉంటాయి. ఇరవై రెండేళ్ళు ఆ కుప్పల పక్కనుంచే నడిచాను, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు మేడమ్ వచ్చి పేర్లు అడిగి తీసుకున్నారు. ఆసును సత్తయ్య దుకాణానికి తీసుకుపోయాడు. నా చేతికి విప్పడానికేమీ మిగల్లేదు. ఒకరు నా పనిని ఇంటికి తీసుకుపోవడం అదే మొదటిసారి.

రెండేళ్ళ తర్వాత మేడమ్ మళ్ళీ షెడ్డుకు వచ్చారు. మనవరాలు పుట్టింది, ఊయల వేడుక. ఆ రెండు పేర్ల కింద మూడో పేరు కావాలి, అదే అట్ట, అదే జరీ అంచు. ఎలాగూ శుభకార్యమే కదా అని, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న సంగతి చెప్పేద్దామనుకున్నాను. "మేడమ్, ఆ పెండ్లి ఆసుకు దారం చుట్టింది..."

"అండాలమ్మ గారు. ఆ రోజే తెలుసండీ."

"ఎట్ల తెలిసింది మేడమ్?" అన్నాను.

"ఫోటోకు నిలబడి, వెనక్కి చూడకుండా దారం బిగించారు కదా. కొత్తగా చూసేవాళ్ళు అలా బిగిస్తారా? నేను తెలుసంటే ఆవిడ చిన్నబోతారని ఊరుకున్నాను. మీరేమో స్తంభం వెనక నవ్వుతున్నారు, అదీ చూశాను."

రెండేళ్ళుగా నేను చెమటలు పట్టి మోసిన రహస్యం ఎవరికీ రహస్యం కాదన్నమాట.

వేడుక నాటి పొద్దున మూడో పేరు పట్టుకుని సత్తయ్య ఇంటికి వెళ్ళాను. హాల్లో దుకాణం నుంచి తెచ్చిన అదే అట్ట ఆసు గోడకు చేరగిల వేసి ఉంది, పాత దారం తీసేసి కొత్త దారం చుడుతున్నారు. నడుమ మేకు దగ్గర అండాలమ్మ కూర్చుని ఉంది. కండె పట్టుకుని అంచుకూ నడుమకూ తిరుగుతున్నది మేడమ్. పట్టుచీర కొంగు దోపుకుని, చెమటలు కక్కుతూ.

"గట్టిగ లాగు బిడ్డా, వదులు పోతున్నది."

"లాగుతూనే ఉన్నాను పెద్దమ్మా, భుజం ఊడేలా ఉందండీ!"

నన్ను చూసి అండాలమ్మ ముఖం ఏమాత్రం మారకుండా అంది, "ఈయననే గద పెండ్లికి ఆసు చుట్టింది? ఎంత మంచిగ చుట్టిండు!"

"అవునండీ, మంచి పనివాడు," అన్నారు మేడమ్. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వు మొదలుపెట్టారు, ఎంతకీ ఆగలేదు.

ఇప్పుడు నా షెడ్డులో హాట్ వైర్ అటక మీద ఉంది, పక్కనే ఆ బంగారు రంగు మకరతోరణం కూడా. కింద అట్ట, వెదురు, నూలు, జనపనార. నేను తిట్టిపోసిన ఆ కాగితాన్ని గోడకు అంటించుకున్నాను. కొత్త రూలు ఏది వచ్చినా ఆషాఢమైనా సరే చివరి వరుసదాకా చదువుతున్నాను, పైకే చదువుతున్నాను, సుజాత నవ్వినా సరే. కాగితం వద్దన్నాక మన చేతికి ఏమేం మిగిలి ఉందో వెతుక్కోవడం మేడమ్ నేర్పారు. దారం లేని ఆసు ఎందుకని అండాలమ్మ అడిగింది. ప్రతి పనికీ ముందు ఆ ప్రశ్న వేసుకుంటాను. ఇక ఆ ఊయల వేడుక పొద్దున నేను చేసిందేమిటంటారా? గొప్పలు చెప్పుకునే యాదగిరిని, ఆ పొగడ్తకు కిమ్మనకుండా తల వంచి, పాప పేరు అమ్మానాన్నల పేర్ల కింద తగిలించి, ఇచ్చిన కాఫీ తాగి వచ్చాను.